రాజ్యానికీ రోడ్డుకూ మధ్య

2023 మార్చి 16, గురువారం మధ్యాహ్నం. పారిస్‌లో జాతీయ సభ కిక్కిరిసి ఉంది. ప్రధాని ఎలిజబెత్ బోర్న్ మాట్లాడటానికి వస్తుండగానే వామపక్ష సభ్యులు లేచి నిలబడ్డారు. చేతుల్లో ‘64 ఏళ్లా, కుదరదు’ అన్న కాగితాలు. నోట మాత్రం జాతీయ గీతం. సర్కారును తిట్టడానికి జాతీయ గీతం అందుకోవడం మనకు వింతే. కానీ ‘మార్సెయేజ్’ పుట్టిందే 1792లో, విప్లవ యుద్ధానికి కదిలే సైనికుల పాటగా. అందుకే ఆ పాట మీద సర్కారుకు ఎంత హక్కుందో, సర్కారు మీద తిరగబడేవాళ్లకూ అంతే ఉందని అక్కడివాళ్లు అనుకుంటారు. సభ కాసేపు ఆగింది. మళ్లీ మొదలయ్యాక ఆ గోలలోనే బోర్న్ తన ప్రకటన చదివేశారు: పదవీ విరమణ వయసును 62 నుంచి 64కు పెంచే బిల్లు మీద ఓటింగ్ ఉండదు, రాజ్యాంగం 49వ అధికరణంలోని మూడో నిబంధనను వాడుతున్నాం.

ఫ్రాన్స్‌లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన అంకె ఇది, ‘49.3’. ప్రభుత్వం ఈ నిబంధన ప్రయోగిస్తే, 24 గంటల్లో అవిశ్వాస తీర్మానం పెట్టి, ఆ తర్వాత దాన్ని ఓటింగ్‌లో నెగ్గించుకుంటే తప్ప, బిల్లు ఓటు లేకుండానే నెగ్గినట్టు లెక్క. ఆ సాయంత్రానికి వేలాదిమంది కాంకోర్డ్ కూడలికి చేరారు. సేన్ నదికి ఇవతల కూడలి, వంతెన దాటితే అవతల జాతీయ సభ. 1793 జనవరిలో పదహారో లూయీ తల తెగింది ఆ కూడలిలోనే. నాలుగు రోజుల తర్వాత అవిశ్వాస తీర్మానం తొమ్మిది ఓట్ల తేడాతో వీగిపోయింది. చట్టం వచ్చేసింది.

బయటివాళ్లకు ఇందులో కోపం ఎందుకో అర్థం కాలేదు. పక్కనున్న జర్మనీ 67 వైపు నడుస్తుంటే 64కే ఇంత రాద్ధాంతమా అన్నారు. ‘ఫ్రెంచివాళ్లంతే, సమ్మె వాళ్ల రక్తంలో ఉంది’ అన్న మాట మళ్లీ చలామణీ అయింది. ఇది చెప్పడానికి సులువైన కారణం, అందుకే నమ్మదగినది కాదు. రక్తంలో ఏమీ ఉండదు. ఉన్నదల్లా రెండు శతాబ్దాలకు పైగా కట్టుకుంటూ వచ్చిన ఒక ఇల్లు. ఆ ఇంటికి పైన రాజ్యం అనే గట్టి కప్పు ఉంది, కింద రోడ్డు అనే విశాలమైన వాకిలి ఉంది. మధ్యలో గదులు, అంటే రెంటినీ కలిపే సంఘాలు మాత్రం చాలా తక్కువ.

గదులు కూల్చింది ఎవరో తేదీతో సహా చెప్పొచ్చు. 1791 జూన్ 14న విప్లవ సభ ఒక చట్టం చేసింది. దాన్ని ప్రతిపాదించిన బ్రెటన్ లాయరు పేరు మీద దాన్ని ‘ల షాపెలియే చట్టం’ అంటారు. ఒకే వృత్తివాళ్లు సంఘం పెట్టుకోవడం, కలిసి కూలి రేటు అడగడం నేరమైంది. దాని వెనకున్న వాదన సూటిగా ఉంటుంది: దేశంలో ఉండాల్సినవి రెండే, వ్యక్తి సొంత ప్రయోజనం, అందరి ఉమ్మడి ప్రయోజనం. ఈ రెండింటి మధ్య కులవృత్తి సంఘాలు, మఠాలు, ముఠాలు దూరితే పౌరుడు దేశానికి దూరమవుతాడు. తత్వవేత్త రూసో 1762లో ‘సార్వజనిక సంకల్పం’ గురించి రాసింది చదివి పెరిగిన తరానికి ఇది సహజంగానే తోచింది. పాత వ్యవస్థలో ఆ సంఘాలు నిజంగానే జనాన్ని పీడించాయి కూడా. ల షాపెలియే మాత్రం తన చట్టం పర్యవసానాలు చూడలేదు. 1794 ఏప్రిల్‌లో గిలొటిన్ ఎక్కాడు.

ఆ చట్టం బతుకు మాత్రం చాలా పొడుగు. సమ్మె నేరం కాకుండా పోయింది 1864లో. యూనియన్లకు చట్టబద్ధత 1884లో. ఏ సంఘమైనా స్వేచ్ఛగా పెట్టుకునే హక్కు 1901లో. ఓటు హక్కు మగవాళ్లందరికీ 1848లోనే వచ్చిందన్నది గుర్తుంచుకుంటే సంగతి బోధపడుతుంది. ఫ్రెంచి కార్మికుడు ఓటేయగలిగిన ముప్పై ఆరేళ్ల తర్వాత గానీ యూనియన్‌లో చట్టబద్ధంగా చేరలేకపోయాడు. ఆ మధ్య కాలంలో యజమానితో గొడవొస్తే అతని ముందున్నవి రెండే దారులు: సర్కారుకు అర్జీ పెట్టుకోవడం, లేదంటే వీధిలో అడ్డుకట్ట కట్టడం.

అయితే అంతా విప్లవం మీదకు నెట్టేయడం సరికాదు. విప్లవం కూల్చిందనుకున్న పాత రాజ్యమే ఈ కేంద్రీకరణకు పునాది వేసిందని 1856లో రాజకీయ చింతకుడు అలెక్సీ ద తోక్‌విల్ చూపించాడు. రాజు కాలంలో జిల్లాలకు పంపిన ‘అంతాందాఁ’ అనే అధికారులు గుడి పైకప్పు మరమ్మతు దాకా పారిస్ అనుమతితో నడిపించేవారు. నెపోలియన్ 1800లో ఆ కుర్చీకి ‘ప్రిఫెక్ట్’ అని కొత్త పేరు పెట్టాడు. తెలుగువాళ్లకు ప్రిఫెక్ట్‌ను పరిచయం చేయడం తేలిక, మన జిల్లా కలెక్టర్‌ను తలచుకుంటే చాలు. ఎన్నికైనవాడు కాదు, పైనుంచి వచ్చినవాడు. శాంతిభద్రతల నుంచి వరద సహాయం దాకా అన్నింటికీ ఆయనే. 1982 దాకా ఊరి మేయరు తీసుకున్న నిర్ణయాలకు ముందస్తుగా ప్రిఫెక్ట్ ఆమోదం ఉండాల్సిందే. ఇక పారిస్ నగరానికైతే 1871లో జనం తిరగబడి నగరాన్ని చేతుల్లోకి తీసుకున్న ‘పారిస్ కమ్యూన్’ భయంతో శతాబ్దం పాటు ఎన్నికైన మేయరే లేడు. 1977లో జాక్ షిరాక్ గెలిచేదాకా రాజధానిని రాజ్యమే నేరుగా ఏలింది.

ఊళ్లు లేవని కాదు. ఫ్రాన్స్‌లో సుమారు 35 వేల కమ్యూన్లు (ఊరి స్థాయి పాలనా విభాగాలు) ఉన్నాయి, వాటిలో సగానికి పైగా 500 మంది జనాభా కూడా లేనివి. ప్రతి కమ్యూన్‌కూ ఒక మేయరు, ఒక ‘మేరీ’ (పురపాలక భవనం), లోపల రిపబ్లిక్‌కు ప్రతీక అయిన మరియాన్ అనే స్త్రీ బొమ్మ, గుమ్మం మీద స్వేచ్ఛ, సమానత, సౌభ్రాతృత్వం అని మూడు మాటలు. యానాంలో పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఈ వ్యవస్థ ఇంకా ఉంది. 1954లో భారత్ చేతికి వచ్చేదాకా అదీ ఒక ఫ్రెంచి కమ్యూనే, దానికీ ఒక మేయరు ఉండేవాడు. రాజకీయ నాయకుల్లో ఫ్రెంచివాళ్లు అంతో ఇంతో నమ్మేది ఈ మేయర్లనే. కానీ వాళ్ల చేతిలో డబ్బు తక్కువ. సొంత ఇంట్లో ఉన్నా అద్దె ఇంట్లో ఉన్నా కట్టాల్సిన నివాస పన్ను ఊళ్లకు రాబడిగా ఉండేది. 2023 నాటికి ప్రధాన నివాసాలకు దాన్ని పూర్తిగా తీసేశారు. జనం సంతోషించారు. మేయర్లు మాత్రం పారిస్ ఇచ్చే నిధుల వైపు మరో అడుగు ఒరిగారు.

ఇప్పుడు యూనియన్ల సంగతి. వినేవాళ్లు నమ్మరు గానీ, ఫ్రెంచి ఉద్యోగుల్లో యూనియన్ సభ్యులు పదిమందిలో ఒకరే. యూరప్‌లోనే అతి తక్కువల్లో ఇదొకటి. అదే సమయంలో యూనియన్లు కుదిర్చిన వేతన ఒప్పందాలు వర్తించేది పదిమందిలో తొమ్మిదిమందికి పైగా. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం ఫ్రెంచి రాజకీయం అర్థమైనట్టే. ఒక రంగంలో కుదిరిన ఒప్పందాన్ని కార్మిక శాఖ ఒక ఉత్తర్వుతో ఆ రంగం మొత్తానికీ వర్తింపజేస్తుంది. 1936 నుంచీ నడుస్తున్న పద్ధతి ఇది. చందా కట్టకపోయినా ఫలం అందుతుంది. మరి చందా ఎవరు కడతారు? సభ్యులు లేని యూనియన్‌కు ఏళ్లతరబడి సమ్మె నిధి పోగేసుకుని యజమానితో ఓపిగ్గా బేరమాడే బలం ఉండదు. తన బలం చూపించుకోవాలంటే రోడ్డు మీద తలలు లెక్కపెట్టించాలి.

ఆ లెక్క కూడా ఒక తతంగమే. 2023 మార్చి 7న దేశవ్యాప్తంగా ప్రదర్శనల్లో పాల్గొన్నది 12 లక్షల 80 వేల మంది అని హోం శాఖ చెప్పింది. 35 లక్షలు అని సీజీటీ యూనియన్ చెప్పింది. ఏ టీవీ ఛానలైనా రెండు అంకెలూ చదువుతుంది, ‘పోలీసుల ప్రకారం’, ‘నిర్వాహకుల ప్రకారం’ అని. రెండింటికీ మధ్య ఉన్న అగాధం గురించి ఎవరూ ఆశ్చర్యపోరు. ఫ్రెంచివాళ్లు ‘మానిఫ్’ అని పిలిచే ఈ ఊరేగింపును దగ్గర్నుంచి చూస్తే కోపం కన్నా అలవాటు ఎక్కువ కనిపిస్తుంది. రిపబ్లిక్ కూడలి, బాస్తీల్, నాసియోన్ — దారి దాదాపు నిర్ణయమైపోయిందే. వ్యాన్ల మీద కట్టిన పెద్దపెద్ద గాలిబుడగల మీద యూనియన్ పేర్లు, దాంతో ఎవరి వెనక ఎవరు నడవాలో దూరం నుంచే తెలుస్తుంది. లౌడ్‌స్పీకర్లో పాట, రోడ్డు పక్క బండ్ల మీద కాలుతున్న మెర్గెజ్ సాసేజీల పొగ, భుజాల మీద పిల్లలు. చివర్లో నల్ల దుస్తుల యువకులు అద్దాలు పగలగొట్టడం, పోలీసులు బాష్పవాయువు వదలడం కూడా ఇప్పుడు దాదాపు కార్యక్రమంలో భాగమైపోయింది. సాయంత్రం వార్తల్లో కనిపించేది ఆ చివరి పది నిమిషాలే.

ఇది వామపక్షాల సొత్తు అనుకుంటే పొరపాటు. 1984 జూన్‌లో కాథలిక్ బడుల స్వతంత్రతను కాపాడాలంటూ పది లక్షలకు పైగా జనం పారిస్‌లో నడిచారు. సోషలిస్టు అధ్యక్షుడు మితెరాఁ సర్కారు బిల్లును వెనక్కి తీసుకుంది. 1968 మే నెల విద్యార్థుల తిరుగుబాటు అందరికీ తెలుసు, కానీ ఆ నెల 30న పారిస్‌లోని షాంజెలీజే వీధిని నింపేసింది మాత్రం అప్పటి అధ్యక్షుడు డీగాల్ మద్దతుదారులు. రోడ్డెక్కితే ఫలితం ఉంటుందని ఇరుపక్షాలకూ అనుభవమే నేర్పింది. 1995 చివర్లో మూడు వారాల రైలు, మెట్రో సమ్మెలతో అలాఁ జుప్పే ప్రభుత్వం పెన్షన్ల విషయంలో వెనక్కి తగ్గింది. 2006లో ఇంకా చిత్రం: 26 ఏళ్ల లోపువాళ్లను ఉద్యోగంలోంచి తేలిగ్గా తీసేసే వీలు కల్పించిన చట్టం సభలో నెగ్గింది, అధ్యక్షుడు సంతకం కూడా పెట్టాడు. అయినా విద్యార్థుల ఒత్తిడికి కొద్దిరోజుల్లోనే దాన్ని పక్కన పెట్టేశారు. చట్టమయ్యాక కూడా ఆపొచ్చని ఒకసారి రుచి చూసిన జనం, ‘సభలో నెగ్గింది కదా, ఇక ఊరుకోండి’ అంటే ఊరుకుంటారా?

పైకప్పు వైపు చూస్తే ఇంకో కథ. 1946లో మొదలైన నాలుగో రిపబ్లిక్ పన్నెండేళ్లలో ఇరవైకి పైగా ప్రభుత్వాలను మార్చింది. అల్జీరియా యుద్ధం ముదిరి, సైన్యం కదిలే పరిస్థితి వచ్చినప్పుడు 1958లో డీగాల్‌ను పిలిచారు. ఆయన, మిషెల్ దెబ్రే కలిసి రాయించిన రాజ్యాంగం ఒకే ఒక్క భయంతో పుట్టింది: సభ మళ్లీ సర్కార్లను కూల్చే ఆటస్థలం కాకూడదు. 49.3 ఆ భయం బిడ్డే. 1962లో ప్రజాభిప్రాయ సేకరణతో అధ్యక్షుడి ఎన్నిక నేరుగా జనం చేతికి వచ్చింది. 2000లో పదవీకాలాన్ని ఏడేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించి, పార్లమెంటు ఎన్నికలను అధ్యక్ష ఎన్నికల వెనకే పెట్టాక, సభ అధ్యక్షుడి నీడగా మారింది. రాజు తల తీసిన దేశం ఐదేళ్లకోసారి ఒక రాజును ఎన్నుకుంటుంది అన్న హాస్యోక్తి ఫ్రెంచివాళ్లదే. మొదటి రౌండ్‌లో నచ్చినవాణ్ని ఎంచుకుంటాం, రెండో రౌండ్‌లో నచ్చనివాణ్ని తొలగిస్తాం అని ఇంకో మాట కూడా వాళ్లదే. 2002లో అప్పటి అధ్యక్షుడు షిరాక్‌కు మొదటి రౌండ్‌లో 20 శాతం కూడా రాలేదు. ఎదురుగా తీవ్ర మితవాది జాఁ మారీ లెపెన్ ఉండబట్టి రెండో రౌండ్‌లో 82 శాతం వచ్చాయి. అలా గెలిచిన మనిషికి అధికారం పూర్తిగా ఉంటుంది, ఆమోదం సగం కూడా ఉండదు. ఆ తేడా ఎక్కడో ఒకచోట బయటపడాలి. రోడ్డు మీద బయటపడుతుంది.

ఈ రాజ్యాన్ని నడిపేవాళ్లు ఎక్కణ్నుంచి వస్తారన్నది మరో చిక్కుముడి. సమానత కోసం విప్లవం చేసిన దేశం పుట్టుకను బట్టి పదవులివ్వడం మానేసి పోటీ పరీక్ష పెట్టింది. 1794లో పాలిటెక్నిక్ (మన డిప్లొమా కాలేజీ లాంటిది కాదు, అగ్రశ్రేణి ఇంజినీరింగ్ విద్యాలయం), 1945లో ఈఎన్‌ఏ అనే పాలనా విద్యాలయం. ర్యాంకును బట్టి పోస్టింగు. రెండేళ్లు ఇల్లూవాకిలీ మరచి ‘ప్రెపా’ అనే ప్రవేశ పరీక్షల శిక్షణ తరగతుల్లో రుబ్బడం చూస్తే ఐఐటీ, సివిల్స్ కోచింగులతో పెరిగిన తెలుగు కుటుంబాలకు కొత్తగా ఏమీ ఉండదు. కానీ ఫలితం కూడా అలాంటిదే: చదువుకున్నవాళ్ల పిల్లలే మళ్లీ గెలిచారు. జిస్కార్, షిరాక్, హొలాండ్, మేక్రాన్ — నలుగురు అధ్యక్షులదీ ఒకే బడి, ఈఎన్‌ఏ. చివరికి ఆ బడి పూర్వ విద్యార్థి మేక్రానే దాన్ని మూసి, 2022లో వేరే పేరుతో ఇంకొకటి తెరిచాడు. 2018లో డీజిల్ పన్ను మీద లేచిన ‘పసుపు చొక్కాల’ ఉద్యమం వేడి చల్లార్చే పనుల్లో అదొకటి.

మామూలు బడి చేసే పని ఇంకా లోతైనది. లిసే (ఉన్నత పాఠశాల) చదువు ముగించే పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు ‘బాక్’ పరీక్షలో భాగంగా నాలుగు గంటలు తత్వశాస్త్రం రాయాలి. ‘ఆనందం అనేది బుద్ధికి సంబంధించిన విషయమా?’ 2023లో వచ్చిన ప్రశ్నల్లో ఇదొకటి. ఒక వాదం, దానికి ఎదురు వాదం, రెండింటినీ దాటిన నిర్ణయం — ఇదీ నేర్పే పద్ధతి. అందుకే ఫ్రాన్స్‌లో పెన్షన్ నిధికి ఎన్ని కోట్లు లోటు అన్న చర్చ రెండో రోజుకల్లా మనిషి బతికేది పని కోసమా అన్న చర్చగా మారిపోతుంది. లెక్కలవాళ్లకు ఇది చిరాకు. నిజానికి ఇందులో ఒక మర్యాద ఉంది: పౌరుడు సూత్రం గురించి మాట్లాడగలడని ఆ వ్యవస్థ నమ్ముతుంది. నష్టమూ ఉంది. సూత్రాల మధ్య బేరం కుదరదు. రెండు కోట్లకూ నాలుగు కోట్లకూ మధ్య మూడు ఉంటుంది; న్యాయానికీ అన్యాయానికీ మధ్య ఏముంటుంది?

మతం విషయంలోనూ మధ్య గదుల మీద అదే అనుమానం. 1905 డిసెంబరు 9 నాటి చట్టం ప్రకారం రిపబ్లిక్ ఏ మతాన్నీ గుర్తించదు, ఎవరికీ జీతమివ్వదు. సర్వమత సమభావానికి అలవాటుపడిన మన చెవికి ‘లాయిసితె’ అంటే లౌకికవాదమే కదా అనిపిస్తుంది. కాదు. మన దగ్గర రాజ్యం అన్ని పండగలకూ వెళుతుంది, అక్కడ ఏ పండక్కీ వెళ్లకూడదు. రాజరికాన్ని చివరిదాకా వెనకేసుకొచ్చిన కాథలిక్ చర్చి చేతుల్లోంచి బడిని, పౌరుణ్ని విడదీయడానికి పెట్టిన గోడ అది. ఆ గోడకూ సందులున్నాయి: 1905లో జర్మనీ ఏలుబడిలో ఉన్న ఆల్సాస్, మొసెల్‌లలో ఇప్పటికీ పూజారులకు జీతం సర్కారుదే. 1905కు ముందు కట్టిన కథీడ్రళ్లు రాజ్యం ఆస్తి కాబట్టి, 2019లో కాలిపోయిన నోత్రదామ్‌ను తిరిగి నిలబెట్టే బాధ్యతా దానిదే అయింది. 1989లో క్రెయ్ పట్టణపు బడిలో తలగుడ్డ కట్టుకున్న ముస్లిం అమ్మాయిల వివాదం నుంచి బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలను నిషేధించిన 2004 చట్టం దాకా, చర్చికి కట్టిన గోడనే మైనారిటీ ముందుకు జరిపారు. బలవంతుడి కోసం చేసిన కంచె బలహీనుడికి అడ్డంగా పడినప్పుడు దాని అర్థం మారిపోతుందన్న సంగతిని ఫ్రెంచి వామపక్షంలోనూ చాలామంది ఒప్పుకోరు. జనగణనలో జాతి, మతం అడగరు కాబట్టి వివక్ష ఎంతుందో కొలవడమూ కష్టమే. కులగణన మీద ఎన్నికలే నడిచే దేశం నుంచి చూస్తే ఇది మరో గ్రహం.

2018 నవంబరు 17న పసుపు చొక్కాలు రోడ్డెక్కినప్పుడు ఈ ఖాళీ మొత్తం ఒక్కసారి కళ్లకు కట్టింది. డీజిల్ పన్ను పెంపు నిప్పు పెట్టింది. కారు లేనిదే పనికి పోలేని చిన్న ఊళ్లు అంటుకున్నాయి. యూనియన్ లేదు, పార్టీ లేదు, నాయకుడు లేడు. ఎవరైనా నాయకుణ్నంటే మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ప్రతి కారులోనూ చట్టప్రకారం ఉండాల్సిన మెరిసే చొక్కాయే జెండా అయింది, ఊరి శివార్ల రౌండ్ అబౌట్లే సభాస్థలాలయ్యాయి. సర్కారు మాట్లాడదామన్నా ఎదురుగా మాట్లాడేవాడు లేడు. అప్పుడు మేరీలలో నోటు పుస్తకాలు తెరిచారు, జనం తమ కష్టాలు సొంత దస్తూరీతో రాశారు. 1789లో రాజుకు రాసుకున్న ఫిర్యాదుల పుస్తకాలకు ఏ పేరుందో వీటికీ అదే పేరు, ‘కాయే ద దొలెయాఁస్’. అవి జిల్లా రికార్డు గదుల్లోకి వెళ్లాయి. వాటిని జనానికి అందుబాటులోకి తేవాలని 2025 మార్చిలో జాతీయ సభ తీర్మానం చేయాల్సి వచ్చింది.

ఇక ఇప్పటి చిక్కు. 2024 జూన్‌లో మేక్రాన్ సభను రద్దు చేశాడు. మొదటి రౌండ్‌లో జాఁ మారీ కూతురు మరీన్ లెపెన్ పార్టీ ముందు నిలిచింది. దాన్ని ఆపడానికి రెండో రౌండ్‌లో రెండు వందల మందికి పైగా అభ్యర్థులు ఒకరికొకరు తప్పుకున్నారు. ఫలితంగా సభ మూడు ముక్కలైంది, 289 మెజారిటీకి ఎవరూ దగ్గర్లో లేరు. కుడి, ఎడమ అన్న మాటలే 1789లో ఆ దేశపు సభలో ఎవరు ఏ వైపు కూర్చున్నారన్న దాన్నుంచి పుట్టాయి. మన ‘వామపక్షం’ కూడా అక్కడి అనువాదమే. మూడో ముక్కను ఎక్కడ కూర్చోబెట్టాలో ఆ పటంలో లేదు. జర్మనీలోనైతే నెలల తరబడి కూర్చుని ఒప్పందపత్రం రాసుకునేవారు. ఫ్రెంచిలో రాజీకి ‘కాంప్రొమీ’ అన్న మంచి మాట ఉన్నా, దాని పక్కనే ‘కాంప్రొమిసియోఁ’ అన్న నీచమైన మాట పొంచి ఉంటుంది. ఎదుటివాడు చేసుకున్న రాజీ ఎప్పుడూ రెండోదే. ప్రధాని మిషెల్ బార్నియే ప్రభుత్వం 2024 డిసెంబరు 4న అవిశ్వాసంతో కూలింది, 1962 తర్వాత అలా కూలిన మొదటి ప్రభుత్వం. ఆయన తర్వాతి ప్రధాని ఫ్రాన్సువా బైరూ 2025 సెప్టెంబరు 8న తానే విశ్వాసం కోరి ఓడిపోయాడు.

తర్వాత వచ్చిన సెబాస్టియన్ లెకోర్ను అక్టోబరు 14న సభలో పదవీ విరమణను 64కు పెంచిన ఆ పెన్షన్ సంస్కరణను వచ్చే అధ్యక్ష ఎన్నికల దాకా నిలిపేస్తామని ప్రకటించాడు. అడిగింది డెబ్బైమంది కూడా లేని సోషలిస్టు సభ్యులు. వాళ్ల ఓట్లు లేకపోతే ప్రభుత్వం నిలవదు. డిసెంబరులో సామాజిక భద్రత బడ్జెట్‌లో భాగంగా ఆ నిలిపివేత నెగ్గింది, 49.3 లేకుండా, ఓటింగ్‌తోనే. 2023లో లక్షలమంది నెలల తరబడి నడిచి సాధించలేనిదాన్ని బల్లకు ఎదురెదురుగా కూర్చున్న కొద్దిమంది సంపాదించారు. మిగతా వామపక్షంలో ఒక వర్గం వాళ్లను మెచ్చుకోలేదు. మేక్రాన్‌కు అమ్ముడుపోయారని తిట్టింది.